కట్టు కింది మన్ను

"నోరు తెరవడు. తెరిసినా అబద్ధమే సెప్తాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకప్పా భీమసేనరావూ?"

ఇన్‌స్పెక్టర్ వెంకటేశులు ఆ మాట అని సోడా గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. ఆదోని పోలీసు స్టేషన్ వరండాలో జహీరా బీ పొద్దుటినుంచీ నేల మీదే కూర్చుని ఉంది. ఆమె కొడుకు జిలాని బాషా లోపల లాకప్‌లో ఉన్నాడు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు. హత్యానేరం. ఇల్లు కాలి ఒకరేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. ఈ మహానుభావుడికి ఇప్పుడే సోడా కావలసొచ్చింది.

డిటెక్టివ్ భీమసేనరావుకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆదోనిలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. ఆ రోజు అది ముక్కు దాటి నెత్తికెక్కింది. ఒకప్పుడు ఇదే స్టేషన్‌లో ఎస్సైగా పనిచేసి, పైవాళ్ళు రాయమన్న దొంగ కేసు రాయనని టోపీ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిన మనిషి ఆయన. ఆ కేసు తర్వాత రాసింది వెంకటేశులు. రాసినందుకే ఇన్‌స్పెక్టరయ్యాడు. ఇద్దరూ ఎదురుపడితే పలకరింపు కూడా కొట్లాటలాగే ఉంటుంది.

"దురద నాది కాదులే. బయట కూసున్న ఆ తల్లిది. కేసు ఏందో నీ నోటితోనే సెప్పు, ఇంటాను."

"నాలుగు ముక్కల్లో సెప్తా. పయిల్వాన్ తిమ్మన్నకు మోకాలి నొప్పి. నీ జిలాని, వాళ్ళ సారు లేకుండా, సొంత తెలివితో మోకాలి పైన సూది పొడిసినాడు. కట్టు కట్టినాడు. ఫస్టు బస్సెక్కి ఎమ్మిగనూరు పోయినాడు. తిమ్మన్న ఆ పొద్దు గోదాలోకి దిగనే లేదు, వైద్యం గదిలోనే పండుకోని సచ్చిపోయినాడు. తాలీంఖానా ఉస్తాద్ గఫూర్ సాబ్ అదే సెప్పినాడు, కాలేజీ హనుమేశ్ సారూ అదే సెప్పినాడు. ముందురోజు వీళ్ళిద్దరూ కొట్లాడుకున్నారు. నలుగురు ఇన్నారు."

"ఏమని కొట్లాడినారు?"

"'నువ్వు సూది ఏసుకోకపోతే నా బతుకు పోతాది' అని వీడు అరిసినాడంట. బెదిరింపు కాదా అది?"

"బెదిరించేవాడు నీ బతుకు పోతాదంటాడు. నా బతుకు పోతాదని ఎవడన్నా అంటాడా? బుర్రలో సోడా పోసుకున్నావా?"

వెంకటేశులు మొహం కందగడ్డయింది. భీమసేనరావు ఆగకుండా లాకప్ వైపు నడిచాడు.

జిలాని బాషా మూలన మోకాళ్ళు కట్టుకుని కూర్చున్నాడు. ఇరవైమూడేళ్ళవాడు. డిగ్రీ అయ్యాక, ఊళ్ళోని ప్రైవేటు వ్యాయామ కళాశాలలో కొత్తగా పెట్టిన పై కోర్సులో చేరాడు. ఆటగాళ్ళ దెబ్బలకూ బెణుకులకూ కట్లు కట్టడం, మర్దన చేయడం, ఆటకు ఒళ్ళు సిద్ధం చేయడం నేర్పే కోర్సు అది. సగం చదువు తరగతిలో, సగం పోస్టింగుల్లో. ఒక నెల కుస్తీలు నేర్పే తాలీంఖానాలో పయిల్వాన్ల దగ్గర, ఒక నెల ఎమ్మిగనూరులో కబడ్డీ జట్టు దగ్గర. నెల మారగానే విద్యార్థులు చోటు మారతారు. ప్రతి చోటా వాళ్ళ పక్కన నిలబడి నేర్పాల్సినవాడు హనుమేశ్. జిలాని తాలీంఖానా వదిలి ఎమ్మిగనూరు వెళ్ళిన సోమవారమే, అక్కడినుంచి గిరిజ అనే అమ్మాయి ఇక్కడికి రావాలి. ఆ పొద్దుటే తిమ్మన్న పోయాడు.

"లేయ్. కట్టు నువ్వు కట్టినావా?"

"లేదు సార్. అమ్మీ మీద ఒట్టు."

"తిమ్మన్నకు మోకాలి నొప్పి ఉన్నిందా?"

"లేదు సార్."

"మరి సూది?"

జిలాని తల దించుకున్నాడు. ఎంత అడిగినా పెదవి విప్పలేదు. భీమసేనరావు అరచేత్తో ఊచల మీద ఒక్కటి చరిచేసరికి స్టేషనంతా ఉలిక్కిపడింది.

"నీ కోసం మీయమ్మ పొద్దన్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదురా! జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము మింగి సదివించింది నిన్ను. నువ్వేమో ఎవర్నో కాపాడాలని మూగవాడి మాదిరి నిలబడినావు. ఎవర్రా? సెప్పు!"

జిలాని కళ్ళు తుడుచుకుని గోడ వైపు తిరిగాడు. వెనకనుంచి వెంకటేశులు నవ్వాడు.

"సూసినావా? నువ్వు పనిచేసే రోజుల్లో గూడా ఇంతే. అరుపులు జాస్తి, పని తక్కువ. ఇదో, ఈ కట్టు సూడు. పోస్టుమార్టంలో కోసి తీసినారు. కాలేజీ గుడ్డ. జిలాని సంచిలోనిదే."

బల్ల మీదికి ఒక కవరు విసిరాడు. భీమసేనరావు కట్టును వెలుతురులో పట్టుకున్నాడు. పైవైపు తెల్లగానే ఉంది, తడిసి ఆరినట్టు అంచుల్లో నీటి చారలున్నాయి. తిప్పి లోపలివైపు చూశాడు. ఒంటికి ఆనుకునే పొర నిండా ఎర్రమన్ను పేరుకుని ఎండిపోయి ఉంది. మన్ను చుట్టూ గుడ్డకు పచ్చగా పసుపు దిగింది. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది.

వేడినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరాక కట్టు కట్టాలని ఆ కోర్సులో మొదటి రోజే నేర్పుతారు. ఏడాదిన్నర చదివిన కుర్రాడు మన్ను మీద కట్టు కడతాడా?

"తాలీంఖానాకు పోదాం రా," అన్నాడు.

"కట్టులో ఏం కనపడిందేం?"

"నీకు కనపడాల్సింది. కనపడలేదు గాబట్టి నాకు కనపడింది. జీపు తీయమను."

తాలీంఖానా వైద్యం గదిలో ఒక చెక్క బల్ల, గోడకు కొయ్య మేకులు, మూలన నీళ్ళ తొట్టి. నేలంతా నాపరాళ్ళు పరిచారు. భీమసేనరావు బల్ల వైపు చూడనే లేదు. సరాసరి మూలనున్న తూము దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు బయటికి పోయే ఆ కంతలో ఎర్రటి ఒండు చిక్కగా పేరుకుని ఉంది. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పసుపు, నువ్వుల నూనె, పుల్లమజ్జిగ వాసన కొట్టింది.

గఫూర్ సాబ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, తుమ్మమొద్దులాంటి ఒళ్ళు. చేతిలో తస్బీ పూసల దండ తిరుగుతోంది.

"ఉస్తాద్, గోదాలో కొత్త మన్ను ఎప్పుడు పోసినారు?"

"సోమవారం పొద్దున, ఫస్టు బస్సు పోయినాక. ఎమ్మిగనూరు జాతర కుస్తీలు వస్తాండాయి గదా. జాతర ముందర పాత మన్ను తోడేసి కొత్తది పోస్తాము. పసుపు, నూనె, మజ్జిగ, యాపాకు కలుపుతాము. తాతలనాటి రివాజు."

"కొత్త మన్ను పోసినాక ఎవరు పడితే వాళ్ళు దిగొచ్చా?"

ఉస్తాద్ ఛాతీ కొంచెం పొంగింది. "అట్లెట్లా సాబ్! ఊదు ఏసి, దువా చేసి, తాలీంలో పెద్ద పయిల్వాన్ ముందు దిగల్ల. ఆయప్ప కాలు పడినాకనే తక్కినోళ్ళు."

"ఒంటి మీద ఏమన్నా ఉండొచ్చా? కట్టు, దారం, తాయెత్తు?"

"ఏదీ ఉండగూడదు. తాయెత్తు గూడా ఆ మేకుకు తగిలించి పోవల్ల. లంగోటా ఒక్కటే."

భీమసేనరావు లేచి గదిలోంచి బయటికి నడిచి, గోదా గట్టు మీద నిలబడ్డాడు. మన్ను మీద కాళ్ళు ఈడ్చిన చారలు, మోకాళ్ళు ఆనిన గుంటలు, ఒక మూల మనిషి వెల్లకిలా పడినంత పెద్ద పల్లం.

"ఎవరో దిగినట్టుందే?"

"నిన్న పొద్దున దిగినారు సాబ్. ఆ తర్వాత మూసేసినాము."

"ముందు ఎవరు దిగినారు?"

తస్బీ ఆగిపోయింది.

"అడిగేది ఇనపడలేదా? తిమ్మన్న దిగలేదని పోలీసులకు సెప్పినావు. తిమ్మన్నను మించిన పయిల్వాన్ ఈ తాలీంలో లేడు. మరి కొత్త మన్నులో మొదటి కాలు ఎవరిది? పేరు సెప్పు. నోటికొచ్చిన పేరేదన్నా సెప్పు, ఇప్పుడే పిలిపిస్తాను."

గఫూర్ సాబ్ పెదవులు కదిలాయి, పేరు మాత్రం రాలేదు. మనిషి చావు మీద అబద్ధమాడిన నోరు అది. కానీ కొత్త మన్నులో మొదటి కాలు ఫలానా వాడిదని దొంగమాట చెప్పడానికి ఆ నోటికి చేతకాలేదు. దొంగకు తేలు కుట్టినట్టు బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"ఉస్తాద్‌ను ఊరికే సతాయించొద్దు," అంటూ వెంకటేశులు మధ్యలోకి వచ్చాడు. "స్టేట్‌మెంటు ఇచ్చినాడు, ఏలిముద్ర పెట్టినాడు. నీకేం అధికారం ఉందని అడుగుతాండావు?"

"అధికారం నీకుంది, ఏం చేసినావు? కట్టు లోపలివైపు ఈ గోదా మన్నే ఉంది. సోమవారం పోసిన మన్ను! కట్టు కట్టుకోని గోదాలోకి దిగనియ్యరు. అంటే దిగి, మన్ను పూసుకోని, పైకొచ్చినాక కట్టినారు. అప్పటికి జిలాని యాడున్నాడు? నువ్వే రాసుకున్నావు గదా, ఎమ్మిగనూరు బస్సులో ఉన్నాడని!"

"ఒంటినిండా మన్ను ఉంటే మేం పోయేసరికి శవం శుభ్రంగా ఎందుకుందప్పా మరి?"

"కడిగినారు గాబట్టి! ఆ తూములో ఒండు యాడిదనుకున్నావు, ఆకాశంలోంచి పడిందా? కట్టు ఇప్పకుండా పైనుంచి నీళ్ళు పోసినారు. కట్టు కింది మన్ను కట్టు కిందనే ఉండిపోయింది. ఒక్కసారి తిప్పి సూసుంటే నీకే తెలిసేది. తిప్పి సూసేందుకు గూడా బద్ధకమైతే ఆ టోపీ ఎందుకు?"

వెంకటేశులు చెయ్యి లేచింది. భీమసేనరావు కదలలేదు. కొట్టు చూద్దాం అన్నట్టు ఇంకా ముందుకు జరిగాడు. ఇద్దరి మధ్య జానెడు ఎడం కూడా లేనప్పుడు, పక్కనుంచి ఏడుపు వినిపించింది. గఫూర్ సాబ్ గోదా గట్టు మీద కూలబడి రెండు చేతులతో తల కొట్టుకుంటున్నాడు.

"తిమ్మన్నే దిగినాడు సాబ్! యా అల్లా, నా చేతులతోనే ఊదు ఏసి దింపినాను. దిగి నాలుగు పట్లు పట్టినాడో లేదో, గుండె దడదడ కొట్టుకుంటాంది ఉస్తాద్ అన్నాడు. కండ్లు తేలేసి పడినాడు. ఎత్తుకోని గదిలోకి తీసకపోయినాను. హనుమేశ్ సారుకు కబురు పంపినాను."

"ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంది! సారు ఎందుకు?"

"పిల్లోళ్ళకు ఆయనే పెద్ద గదా అనుకుంటిని. స్కూటరు మీద వచ్చినాడు. బూట్లతోనే లోపలికి దూరినాడు. ఈ తాలీంలో ఆయప్ప కాలు పెట్టింది అదే మొదటిసారి. నన్ను బయటికి పొమ్మన్నాడు. మళ్ళా పిలిసేసరికి తిమ్మన్న పోయినాడు. కాలికి కట్టు ఉంది. గోదాలో సచ్చిపోయినాడంటే తాలీం మూసేస్తారు, ఒళ్ళు కడిగి దిగలేదని సెప్పు అన్నాడు. నేను కడిగినాను సాబ్. కొడుకు మాదిరి పెంచినోన్ని, ఆ పాపిష్టి పనికి కడిగినాను."

"తాలీం మూతపడతాదని మనిషిని అమ్మినావా?" భీమసేనరావు గొంతు చీరుకుపోయింది. "అది సాలక ఏ పాపం తెలీని పిల్లోన్ని ఉరికంబం దాకా పంపబోతివి! నీ నమాజులేంది, నీ రివాజులేంది, థూ!"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని భీమసేనరావుకు అనిపించలేదు. ఇంకా నాలుగు అనాలనిపించింది.

ఇప్పుడాయనకు లెక్క కుదిరింది. హనుమేశ్ ఇన్ని నెలలుగా విద్యార్థుల పక్కన నిలబడి నేర్పుతున్నట్టు జీతం తీసుకున్నాడు. ఏ పోస్టింగుకూ వచ్చిన పాపాన పోలేదు. పయిల్వాన్లు మోకాలికి కట్టుతోనే గోదాలోకి దిగుతారనుకున్నాడు. మన్ను కడిగి కట్టాలన్న ధ్యాసే లేదు. మోకాలి నొప్పికి ఎవరో సూది వేసినట్టు కనపడాలి, ఆ ఎవరో జిలాని కావాలి, అంతే అతనికి కావలసింది. అయితే ఆ సూది ఏమిటి? మోకాలి నొప్పి లేని మనిషికి అది ఎందుకు పడింది? అది చెప్పగలిగినవాడు లాకప్‌లో నోరు కుట్టుకుని కూర్చున్నాడు.

స్టేషన్ ముందు జీపు దిగుతూ వెంకటేశులు గొణిగాడు. "సూది ఏసింది వాడే గదా. అది మారదు."

"మారదు. ఎవరు ఏయమన్నారో తెలిసేదాకా ఆగు."

ఈసారి భీమసేనరావు అరవలేదు. ఊచల ముందు నేల మీద కూర్చుని, జిలాని కళ్ళలోకి చూశాడు.

"కట్టు హనుమేశ్ కట్టినాడు. ఉస్తాద్ ఒప్పుకున్నాడు. నిన్ను కేసులోకి తోసింది మీ సారేరా. ఇంకా ఆయన్ను కాపాడతావా?"

జిలాని నమ్మలేనట్టు చూశాడు. తర్వాత ఒక్కసారిగా ఊచలకు నుదురు ఆనించి భోరుమన్నాడు.

"సారు కోసం కాదు సార్! సూది నేనే ఏసినాను. బస్సెక్కే ముందు. బలం సూది అంటారు సార్ దాన్ని. సీసా మీద కాగితం ఉండదు. సారు డబ్బా ఇచ్చి, పోటీల ముందు ఏయాలంటాడు. ఏయకపోతే పోస్టింగు ఫెయిలు చేస్తా, రెండేండ్ల సదువు మన్నులో పోతాదంటాడు. తిమ్మన్న వద్దన్నాడు సార్. గుండె అదురుతాంది జిలానీ, నాకొద్దు అన్నాడు. నేనే కాళ్ళావేళ్ళా పడి..."

"మోకాలి పైన ఎందుకు?"

"చొక్కా ఇప్పితే చెయ్యి మీద కనపడతాదని సారే అట్ల నేర్పినాడు."

ఆటగాడి ఒంటిని కాపాడమని తల్లిదండ్రులు పంపిన పిల్లలకు అతను నేర్పిన అసలు పాఠం ఇదన్నమాట.

"ఇదంతా పొద్దునే ఎందుకు సెప్పలేదురా?"

"నేను నోరు తెరిస్తే గిరిజ గూడా లోపలికొస్తాది సార్. ఎమ్మిగనూరు పోస్టింగులో ఆయమ్మ గూడా ఏసింది. పూజారి కూతురు సార్. వాళ్ళింట్లో తెలిస్తే బావిలో దూకుతాది. ఆయమ్మకు తిమ్మన్న ఎట్ల సచ్చిపోయినాడో గూడా తెలీదు. కట్టు బిగిసి, మోకాలి నొప్పి సూది పడక పోయినాడని సారు అందరికీ సెప్పినాడంట."

"గిరిజ ఇప్పుడు యాడుంది?"

జవాబు వెనకనుంచి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ జహీరా బీ చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది.

"పొద్దున ఈడికి వచ్చేటప్పుడు బస్‌స్టాండులో కనపడింది సాబ్. ఏడ్సుకుంటా నా చేతులు పట్టుకున్నింది. జిలాని లేడు గదా, కబడ్డీ ఫైనలుకు మళ్ళా ఎమ్మిగనూరు నన్నే పొమ్మన్నాడు సారు అనింది. చేతిలో డబ్బా ఉన్నింది."

జిలాని పైకి చూశాడు. వాడి మొహంలో రక్తం చుక్క లేదు.

"ఏ డబ్బా అమ్మీ? తెల్లదా? పైన ఎర్ర గుడ్డ చుట్టిందా?"

"అవును బేటా."

భీమసేనరావు అప్పటికే వెంకటేశులు బల్ల దగ్గరున్నాడు. ఫైనలు నాలుగింటికి. గోడ గడియారం నాలుగు దాటింది. వెంకటేశులు ఈసారి అడ్డం చెప్పలేదు. తనే ఫోను లాక్కుని, ఎక్స్ఛేంజీ వాడిని నోటికొచ్చినట్టు తిడుతూ మిగతావన్నీ ఆపి ముందు లైట్నింగ్ కాల్ కలపమన్నాడు. ఆట జరిగే హైస్కూలు, హెడ్‌మాస్టరు గది. గంట మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. అందరూ మైదానంలో ఉంటారు కాబోలు. చివరికి ఎవరో ఎత్తారు. గిరిజను పిలవమని వెంకటేశులు అరిచిన అరుపుకు అవతలివాడు పరుగెత్తాడు. రిసీవరు భీమసేనరావు చేతికొచ్చింది.

వినిపిస్తున్నదల్లా జనం కేకలు, ఈలలు. ఎంతకీ ఎవరూ రారే!

"హలో, నేను గిరిజను." ఎగరొప్పుతున్న గొంతు.

"అమ్మా, నేను డిటెక్టివ్ భీమసేనరావును. నీ దగ్గరున్న ఆ డబ్బాలో మందు ఎవరికీ ఏయొద్దు. ఇంటాండావా? ఒక్కరికి గూడా ఏయొద్దు."

"ఏసినాను గదా సార్. ఏడుగురికీ ఏసినాను. ఈసారి ఫైనలు గదా, తలా రెండు ఏయమన్నారు సారు. ఇప్పుడే గీత దాటి లోపలికి దిగినారు."

వెంకటేశులు రిసీవరుకు చెవి ఆనించి విన్నాడు. విని, టోపీ కూడా తీసుకోకుండా జీపు వైపు పరుగెత్తాడు.

"ఆట ఆపు!" భీమసేనరావు ఫోనులో అరిచాడు. "ఎవరేమన్నా సరే, మధ్యలో దూరి ఆపు తల్లీ! డాక్టర్ను పిలిపించు!"

"ఎందుకు సార్? సారు సెప్పినట్టే చేసినాను. నేనేమన్నా తప్పు..."

మైదానంలో ఈలలు ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచింది.

"సార్, ఒక్క నిమిషం ఉండండి. ఎవరో పడిపోయినట్టుండారు," అంది గిరిజ. ఆ వెంటనే ఆమె గొంతు మారిపోయింది. "అయ్యో, ఇద్దరు సార్!"

రిసీవరు బల్ల మీద పడిన చప్పుడు, ఆ అమ్మాయి పరుగెత్తిన చప్పుడు వినిపించాయి. భీమసేనరావు హలో హలో అని అరుస్తూనే ఉన్నాడు.